మడమ కింద రెక్సిన్ ముక్క

సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద ఏ బండివాణ్ణయినా ఆపి, సీటు కొట్టించాలి ఎక్కడికి పోవాలని అడగండి, రాజనర్సు దగ్గరికి పొమ్మంటాడు. కుషన్ షాపులు అక్కడ ఇంకో నాలుగున్నాయి. వాటికి పెద్ద బోర్డులున్నాయి, రంగురంగుల లైట్లున్నాయి. రాజనర్సు బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఐదేళ్ళయింది. అయినా జనం అక్కడికే పోతారు. రాజనర్సు చేతిలో కొలత తప్పదని ఊరంతా నమ్మింది. ఆ నమ్మకానికి ఆయన ఒకే ఒక్కసారి ద్రోహం చేశాడు. అదీ ఎవరి దగ్గర? కన్నబిడ్డ దగ్గర. మంచివాడే, అందులో అనుమానం లేదు. ఇంత మంచివాడు అంత పాడుపని ఎట్లా చేశాడో చెబుతాను, వినండి.

రాజనర్సుది దుబ్బాక. తండ్రి దుబ్బయ్య మగ్గం మీద తువ్వాళ్ళు నేసేవాడు. బెత్తెడు తక్కువ నేసి నిండు తువ్వాలని అమ్మేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. దుబ్బయ్య మాత్రం ఆ పని చచ్చినా చేయలేదు. "కొన్నోడు ఇంటికి పోయి ఒళ్ళు తుడ్సుకున్నప్పుడు తెలుస్తదిరా, మనం ఎసుంటోళ్ళమో" అనేవాడు కొడుకుతో. మగ్గం కూడు పెట్టని రోజులొచ్చాక రాజనర్సు పద్దెనిమిదేళ్ళ వయసులో సిద్దిపేట బస్సెక్కాడు. ఒక సాయిబు దగ్గర కుషన్ పని నేర్చాడు. ట్రాక్టరు సీట్లు కుట్టాడు, ఆటో టాపులు కుట్టాడు, పెళ్ళి కార్లకు తొడుగులు కుట్టాడు. తర్వాత సొంత షాపు పెట్టాడు. భార్య నవనీత రెండో మిషను మీద కూర్చుంది. ముప్ఫై ఏళ్ళు అట్లా గడిచిపోయాయి.

ఈ ఎనిమిదేళ్ళుగా షాపుకు కొత్త రకం బండ్లు వస్తున్నాయి. అడ్వెంచర్ బండ్లట. తారు రోడ్డు మీదా పోతాయి, రాళ్ళలో, ఇసుకలో, వాగుల్లోనూ పోతాయి. ముందు చక్రం పెద్దది, సీటు ఎత్తు, చూస్తే గుర్రం మీద గుర్రం ఎక్కించినట్టుంటుంది. మన పిల్లలు ముచ్చటపడి కొంటారు, ఎక్కి కూర్చున్నాక కాళ్ళు గాల్లో ఆడతాయి. అప్పుడు రాజనర్సు దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఆయన సీటు తొడుగు విప్పి, లోపలి ఫోమును కత్తితో కోసి దించుతాడు. ఎక్కువ కోస్తే నడుము పోతుంది, తక్కువ కోస్తే కాలు అందదు. తొడలు ఆనే పక్కల్లో ఎంత చెక్కాలో, నడుమ ఎంత ఉంచాలో ఆయనకే తెలుసు.

ఆయనకు రెండు అలవాట్లున్నాయి. ఆ రెండూ లేకపోతే నేను చెప్పే ముచ్చటే లేదు.

ఒకటి, రెక్సిన్ ముక్క. సీటు బిగించాక బండిని సమంగా ఉన్న రోడ్డు మీద నిలబెట్టి, బండివాణ్ణి ఎక్కి కూర్చోమంటాడు. రెండు మడమల కిందా చెరో రెక్సిన్ ముక్క దూర్చి తనే గుంజుతాడు. ముక్క ఊడి వచ్చిందంటే మడమ ఆనలేదన్నమాట, సీటు మళ్ళీ విప్పాల్సిందే. ముక్క రాకుండా పట్టుకుంటే, "ముక్క పట్టింది, ఇగ పో" అంటాడు. ఆ మాట అంటే చాలు, పిల్లలు ఇంకేమీ అడగరు.

రెండోది, రాత. తొడుగు వేసేముందు ఫోము మీద పెన్నుతో బండివాడి పేరు, ఊరు, ఎంత కోశాడో రాస్తాడు. మళ్ళీ ఎప్పుడైనా ఆ సీటు రిపేరుకొస్తే పాత కొలత తెలియాలి కదా! దుబ్బయ్య కూడా తువ్వాల అంచున తన గుర్తు నేసేవాడు. అదే ఇదని రాజనర్సు అనుకునేవాడు.

ఇప్పుడు ఉష సంగతి. రాజనర్సుకు ఒక్కతే కూతురు. వ్యవసాయ డిగ్రీ చదివి నంగునూరు మండలంలో ఏఈవోగా, అంటే వ్యవసాయ విస్తరణాధికారిగా చేస్తోంది. ఊళ్ళు తిరిగి పంటలు చూడాలి, మట్టి నమూనాలు తీయాలి, రైతుల పేర్లు రాసుకోవాలి. వానాకాలంలో ఆమె స్కూటీ రేగడిలో దిగబడితే రైతులు నవ్వుకుంటూ వచ్చి లేపేవాళ్ళు. ఆ నవ్వులు పడలేకనో, చిన్నప్పటినుంచి షాపులో బండ్ల మధ్య పెరిగిన రక్తమో, ఒకనాడు హైదరాబాద్ పోయి తన జీతంతో సెకండ్‌హ్యాండ్‌లో ఒక అడ్వెంచర్ బండి కొని తానే తోలుకుంటూ వచ్చింది. వచ్చింది అనడమే గానీ, ఆగిన ప్రతిచోటా కాలివేళ్ళ మీద నిలబడి వచ్చింది. మనిషి ఐదడుగుల రెండంగుళాలు.

"ఏనుగును కొన్నవు గని, అంకుశం ఏదే?" అంది నవనీత బండి చుట్టూ తిరిగి చూస్తూ.

"అంకుశం బాపు దగ్గరున్నది, కత్తి" అంది ఉష. "బాపూ, నా సీటు దించాలె. ఆగస్టు ఆఖర్ల లడాఖ్ పోతున్న. ఆరుగురం ఆడోళ్ళం. సెలవు గూడ సాంక్షన్ అయింది."

రాజనర్సు నవ్వాడు. అప్పుడు నిజంగానే నవ్వాడు.

ఆ నెల్లాళ్ళూ ఎదురుగా ఉన్న శివ గ్యారేజీలో పండగలా ఉండేది. నంగునూరు నుంచి రాగానే ఉష కుర్తా చేతులు పైకి మడిచి పానా పట్టుకునేది. బండి పడితే ఇంజనుకు, కాలికి దెబ్బ తగలకుండా పక్కన ఇనుప గార్డులు బిగించారు. రాళ్ళు కొట్టకుండా ఇంజను కింద రేకు వేశారు. హ్యాండిలుకు చేతి కవచాలు, మంచులో దారి కనబడేందుకు రెండు పసుపు లైట్లు, వెనక సామాన్ల చట్రం. ఏది వస్తే ఎందుకు వచ్చిందో ఉష తండ్రిని పిలిచి చూపించేది. శివ ఒకరోజు, "మామా, ఎనక షాకప్‌కు లింకు మారుస్తే బండే ఇంచున్నర దిగుతది. వేయమంటవా?" అని అడిగాడు. "లింకు గింకు వద్దురా. నా బిడ్డ సీటు నేను చూస్కుంట" అన్నాడు రాజనర్సు. ఆ మాటలో అప్పటికి అబద్ధం లేదు.

ఇక సంచులు. చట్రానికి రెండు పక్కలా వేలాడే జోడు సంచులు తానే కుట్టాడు. మందపాటి గుడ్డ తెచ్చి, మైనం రుద్ది, ప్రతి మూల దగ్గర మూడు వరసల కుట్టు వేశాడు. లోపల మందులకొక అర, కాయితాలకొక అర, తడి బట్టలకొక అర. అంత బాగా ఏ పెళ్ళి కారుకూ కుట్టలేదని నవనీత అనేది.

సీటు మాత్రం మిగిలింది. సోమవారం కోద్దామనుకున్నారు.

ఆదివారం పొద్దున దౌల్తాబాద్ గ్యారేజీవాడు ఒక సీటు పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టాడు. అదే రకం బండిది. "బండి అమ్ముతున్నరు కాకా. సీటు కొత్తగ చెయ్. లోపల ఫోమ్ గూడ మార్చు" అన్నాడు. ఎందుకని రాజనర్సు అడగలేదు. తొడుగు విప్పుతుంటే తెలిసింది. కుట్టు రంధ్రాల్లో నెత్తురు ఎండి గడ్డకట్టింది. సబ్బుతో కడిగినా పోలేదు. తొడుగు పూర్తిగా లాగేసరికి, ఫోము మీద తన చేతిరాత: మహేశ్, దౌల్తాబాద్, ఇంచుంబావు.

ఆయనకు ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. ముక్క పట్టగానే, "కాకా, ఇగ నన్నెవ్వడు ఆపుతడు?" అని నవ్వుకుంటూ పోయిన పోరడు. ఇసుక లారీ ఆపింది. అక్కడికక్కడే ప్రాణం పోయిందని గ్యారేజీవాడికి ఫోను చేస్తే తెలిసింది. రాజనర్సు ఆ ఫోమును గోనెసంచిలో చుట్టి షాపు వెనక దాచాడు. కాల్చడానికీ చేతులు రాలేదు, పారేయడానికీ రాలేదు.

కూతురితో చెప్పొచ్చు కదా? "బిడ్డా, నాకు భయమైతుంది, పోకు" అనొచ్చు కదా? ఏ తండ్రి అయినా అంటాడు. అంటే ఆ పిల్ల పోట్లాడేది, ఏడ్చేది, చివరికి పోయేదో మానేదో, ఏదైనా తన ఇష్టంతో చేసేది. రాజనర్సుకు ఆ ధైర్యం లేకపోయింది. నోటితో చేయలేని పని చేతితో చేశాడు.

సోమవారం మధ్యాహ్నం, నవనీత అన్నానికి ఇంటికి పోయినప్పుడు, ఉష సీటు విప్పాడు. పైన అరంగుళం చెక్కాడు. చూసినవాళ్ళకు సీటు దిగినట్టే కనబడాలి. నడుమనున్న మెత్తటి ఫోము తీసేసి, బస్సు సీట్ల అడుగున వేసే గట్టి ఫోము దిమ్మ పెట్టాడు. మెత్తటిది మనిషి బరువుకు అంగుళమున్నర దిగుతుంది. ఇది దిగనే దిగదు. అంటే కంటికి తగ్గిన సీటు, కూర్చుంటే ఇంతకు ముందుకన్నా ఎత్తు. రెండు రోజులు తిరిగి, కాళ్ళు అందక విసిగి, తనే మానుకుంటుందని ఆయన లెక్క. పడుతుందని అనుకోలేదా అంటే, అనుకున్నాడు. ఇంటి ముందే పడుతుంది, మెల్లగా పడుతుంది, భయపడి వదిలేస్తుంది అనుకున్నాడు. పడటానికి కూడా కొలత ఉంటుందనుకున్నాడు మన కొలతలాయన.

తొడుగు వేసేముందు అలవాటు కొద్దీ పెన్ను చేతిలోకి వచ్చింది. ఇంచున్నర కోత అని రాద్దామనుకున్నాడు. పెన్ను ఆడలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఫోము మీద ఒక్క తప్పు అంకె రాయని చెయ్యి. చివరికి ఉన్నదున్నట్టే రాశాడు: ఉష, సిద్దిపేట, కోత అరంగుళం, లోపల గట్టి ఫోము. ఎవరు విప్పి చూడొచ్చారులే అని పైన తొడుగు లాగి పిన్నులు కొట్టాడు.

సాయంత్రం ఉష వచ్చింది. రెక్సిన్ ముక్క ఒకటి ఉంది కదా, దాన్నెట్లా దాటాలి? దానికీ ఉపాయం దొరికింది. షాపు ముందు సిమెంటు రోడ్డుకూ షాపు గచ్చుకూ మధ్య రెండంగుళాల లోతున సన్నటి సందు ఉంది, వాన నీళ్ళు పోయేది. బండి రెండు చక్రాలనూ ఆ సందులో నిలబెట్టాడు. బండి కిందికి దిగింది, కాళ్ళకు నేల దగ్గరయింది.

"రోడ్డు మీద లారీలు ఎక్కువున్నయి బిడ్డా, ఈడనే కూసో" అన్నాడు.

ఉష ఎక్కి కూర్చుంది. మడమల కింద ముక్కలు దూర్చి గుంజాడు. రాలేదు.

"ముక్క పట్టింది" అన్నాడు రాజనర్సు.

ఉష బండి మీదినుంచే వంగి తండ్రి తల మీద ముద్దు పెట్టుకుంది. చిన్నప్పటి తర్వాత అదే మొదటిసారి. ఆయన ముక్కల కోసం వెతుకుతున్నట్టు తల వంచుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

పావుగంటకు ఆ పిల్ల పాత బస్టాండు దాకా పోయి తిరిగొచ్చింది. ముఖంలో ఇందాకటి కళ లేదు. "బాపూ, కాళ్ళు అందుతలేవు. వేళ్ళే ఆనుతున్నయి" అంది.

"ముక్క పట్టింది గదనే."

"పట్టింది. మరి రోడ్డు మీద ఎందుకు అందుతలేవు?"

రాజనర్సు ఆమె కళ్ళలోకి చూడకుండా మిషను నూనె తుడిచాడు. "కొత్త గదా. భయంతోని కాళ్ళు ముడుసుకుంటున్నయి. సీటుది కాదు, నీ భయానిది."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఆయన ఎన్నిసార్లు అనుకున్నాడో! సీటు పాడుచేయడం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. సీటు ఎప్పుడైనా విప్పి కుట్టుకోవచ్చు. ఉష ఆ మాట నమ్మింది. తండ్రి చేతి కొలత కంటే తన కాళ్ళ మీదే అనుమానపడింది.

రెండు రోజుల్లో మానేస్తుందనుకున్న పిల్ల రెండు వారాలు తిరిగింది. మోకాలి కింద కమిలిన మచ్చలతో ఇంటికి వచ్చి, "ఇయ్యాల జర భయం తగ్గింది బాపూ. ఎక్స్‌పీరియన్స్ రావాలె, గంతే" అనేది. అప్పుడైనా విప్పొచ్చు. అరగంట పని. రోజూ రేపు విప్పుదామనుకున్నాడు. ఏమని చెప్పి విప్పాలి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయన తొక్కిన అడుసులోనే నిలబడ్డాడు, కాలూ కడగలేదు, బయటికీ రాలేదు.

పదిహేనో రోజు నంగునూరు అవతల, వాన పడ్డ పొలం బాటలో, ఎత్తు ఎక్కుతుంటే బర్రెలు అడ్డం వచ్చాయి. ఉష బ్రేకు వేసి ఎడమ కాలు కిందికి చాపింది. కాలు నేల కోసం వెతికింది. నేల దొరికేలోపు బండి ఒరిగిపోయింది. శివ బిగించిన గార్డు కాలిని కాపాడింది గానీ చీలమండ ఎముక చిట్లింది. ఆరు వారాల కట్టు.

దవాఖానకు రాజనర్సు ఎట్లా పోయాడో ఆయనకే గుర్తులేదు. మంచం మీది నుంచి ఉష ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఏడవడం చూసి తనే ఓదార్చింది.

"నువ్వేడుస్తవేంది బాపూ? సీటు మంచిగనే ఉండె. నాకే చాతగాలే. నా భయమే నన్ను పడగొట్టింది."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? నోరు తెరిచాడు. "నీళ్ళు తాగుతవా బిడ్డా?" అన్నాడు.

ఆగస్టు ఆఖరున ఐదుగురు ఆడవాళ్ళు లడాఖ్ పోయారు. రోజూ ఫోన్లో ఫోటోలు పంపేవాళ్ళు. మంచు కొండలు, నీలం నీళ్ళ చెరువు, రాళ్ళ దారి మీద వరసగా ఐదు బండ్లు. కాలు దిండు మీద పెట్టుకుని ఉష ఆ ఫోటోలు తండ్రికి చూపించేది. ఒక ఫోటోలో రెండు బండ్ల మధ్య కొంత జాగా ఖాళీగా ఉంది. "గీడ నా బండి ఉంటుండె" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయన ప్రాణానికి కొంత సుఖంగా ఉండేది.

కట్టు విప్పిన నెలకు బండి అమ్మేసింది. శివ చేతుల మీదుగా సంతోష్ అని సిద్దిపేట పిల్లవాడే కొన్నాడు, అమ్మినవాళ్ళ ముఖం కూడా చూడలేదు. ఆరడుగుల మనిషి, సీటు ఎత్తు అతనికి లెక్కే కాలేదు. ఒక్క జోడు సంచులు మాత్రం ఉష ఇవ్వలేదు. "ఇవి మా బాపు కుట్టినయి" అని విప్పుకుని స్కూటీకి కట్టుకుంది. అప్పటినుంచి లడాఖ్ పోవాల్సిన సంచుల్లో నంగునూరు మట్టి పొట్లాలు తిరుగుతున్నాయి.

బండి పోతే పోయింది. పోయింది బండి ఒక్కటే అయితే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. ఆఫీసులో జీపు నేర్చుకొమ్మంటే, "వద్దు సార్, నాకు భయమెక్కువ" అంది. కరీంనగర్‌లో పెద్ద ఉద్యోగానికి పరీక్ష ఉందని స్నేహితురాలు చెబితే, "నాతోని గాదు, నాకు చాతగాదు" అంది. చీలమండ ఎముక అతుక్కుంది, చలికాలం కొద్దిగా సలుపుతుంది, అంతే. ఆ మాటలు మాత్రం పోలేదు. ఆ పిల్ల ఎప్పుడు భయమన్నా రాజనర్సు చేతిలో పని ఆగేది. ఆ భయం ఎవరు కుట్టారో ఆయనొక్కడికే తెలుసు. అట్లా మూడేళ్ళు గడిచాయి.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం ఉష సంచి జిప్పు పాడైతే షాపుకు తెచ్చింది. తండ్రి జిప్పు మారుస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. అప్పుడే ఆ బండి వచ్చి ముందు ఆగింది. చూడకుండానే ఇద్దరూ చప్పుడు గుర్తుపట్టారు.

సంతోష్ దిగి తాళంతో సీటు ఊడదీసి కౌంటరు మీద పడేశాడు. "కాకా, మూడేండ్ల సంది ఓర్సుకుంటున్న. దూరం పోతే నడుము పలిగిపోతుంది. రాయి పెట్టి కుట్టినట్టున్నది. ఎవడు కొట్టిండో గని, పని రానోడు కొట్టిండు."

ఉష లేచి నిలబడింది. "ఓ అన్నా, జర మాట సూస్కో. గా సీటు మా బాపు కొట్టిండు. మా బాపు పనిల తప్పుండదు. నాకు కాళ్ళు అందక పడ్డ, అది నా భయం. సీటును అనకు."

సంతోష్ నాలుక కరుచుకున్నాడు. "తెల్వదక్కా, ఏమనుకోకు. కాకా, నేను శివన్న దగ్గర చాయ్ తాగొస్త" అని జారుకున్నాడు.

రాజనర్సు జిప్పు పని ముగించాడు. సంచులు చేతికిచ్చాడు. ఉష వాటిని స్కూటీకి కట్టింది. ఇంకో నిమిషంలో పోతుంది. పోయాక ఆ సీటు విప్పి, గట్టి దిమ్మ తీసేసి, రాత మీద సిరా పూసేస్తే చాలు, ఈ జన్మకు ఎవరికీ తెలియదు. మూడేళ్ళుగా ఆయన భయపడ్డదీ ఈ నిమిషానికే, ఆశపడ్డదీ ఈ నిమిషం కోసమే. కానీ "మా బాపు పనిల తప్పుండదు" అన్న మాట చెవిలో గింగురుమంటోంది. తువ్వాలతో ఒళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఏనాడూ దుబ్బయ్యను తిట్టలేదు. ఇక్కడ తిట్టాల్సిన పిల్ల వెనకేసుకొస్తోంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని తెలిసీ నోరు తెరిచాడు.

"బిడ్డా, ఆగు."

"ఏంది బాపూ?"

పిన్నులు లాగే పట్టకారు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ సీటు నువ్వు విప్పు."

"నేనెందుకు?"

"విప్పు బిడ్డా. నాకు చేతులు వస్తలేవు."

ఉష ఒక్కొక్క పిన్నూ లాగింది. చిన్నప్పుడు సెలవుల్లో చేసిన పనే, చేతులు మరిచిపోలేదు. తొడుగు వెనక్కి తీసింది. చదివింది. ఒకసారి చదివి, వేలితో తుడిచి మళ్ళీ చదివింది. గట్టి దిమ్మను బొటనవేలితో నొక్కి చూసింది. అది దిగలేదు.

"అరంగుళమా?" అంది. "మరి ముక్క పట్టింది గద?"

రాజనర్సు షాపు ముందున్న సందు వైపు చూపించాడు. "బండి అండ్ల వెట్టిన. అందుకే పట్టింది." దౌల్తాబాద్ పిల్లవాడి సంగతి చెప్పాడు. గోనెసంచిలో దాచిన ఫోము సంగతి చెప్పాడు. మాటలు వెనకా ముందూ అయ్యాయి. "నువ్వు రెండు రోజుల్ల ఇడిసిపెడ్తవనుకున్న. గంతే అనుకున్న బిడ్డా."

ఉష తొడుగు లేని ఆ సీటును అట్లాగే తీసుకుపోయి బండికి బిగించింది. స్టాండు తీసి, బండిని నెట్టుకుంటూ సమంగా ఉన్న రోడ్డు మీదికి తీసుకుపోయింది. లారీలు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు. మూడేళ్ళ తర్వాత ఎక్కి కూర్చుంది. రెండు కాళ్ళూ కిందికి చాపింది.

"బాపూ, ముక్కలు పట్టుకరా."

రాజనర్సు రెండు రెక్సిన్ ముక్కలు తెచ్చి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మడమల కింద దూర్చాడు.

"గుంజు."

గుంజాల్సిన పనే లేకపోయింది. ముక్కలు వాటంతట అవే వచ్చేశాయి. మడమకూ రోడ్డుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంది.

"సూడు బాపూ" అంది ఉష. "అందుతలేవు. నిజంగనే అందుతలేవు. నా భయం కాదు గది. మూడేండ్ల సంది నాకు భయమెక్కువ, నాకేం చాతగాదు అనుకుంట బతుకుతున్న. ఎవ్వలడిగినా గదే చెప్తున్న. బండి వద్దంటే కొట్లాడి ఊకుంటుంటి బాపూ. నన్ను నాకు గాకుంట చేసినవు."

ఆయన రోడ్డు మీద నుంచి లేవలేదు. "ఇంకో బండి కొనియ్యనా బిడ్డా? సీటు మంచిగ..." అని సగంలో ఆగిపోయాడు.

ఉష దిగి బండిని తెచ్చి షాపు ముందు స్టాండు వేసింది. ముఖం తుడుచుకుంది. సంతోష్ చాయ్ తాగి రోడ్డు దాటి వస్తున్నాడు. అతని ముందు తండ్రిని ఒక్క మాట అనలేదు. స్కూటీ దగ్గరికి పోయి, కొత్త జిప్పును ఒకసారి లాగి చూసి, సంచిని చేత్తో తడిమింది.

"సంచులు మంచిగ కుట్టినవు బాపూ, గివి ఉంచుకుంట" అంది. "బండి నేనే కొనుక్కుంట. సీటు మాత్రం వేరేటోళ్ళ దగ్గర కొట్టిచ్చుకుంట."

స్కూటీ మెదక్ రోడ్డు ఎక్కి పోయింది. రాజనర్సు సంతోష్ బండి సీటు మళ్ళీ ఊడదీసుకుని లోపలికి వచ్చి పని మొదలుపెట్టాడు.